పాత రేవులో పడవచెక్క తలుపు

సుద్దముక్కల నాణ్యత బాగా పడిపోయింది. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పినవాడిగా ఈ మాట బాధ్యతతోనే అంటున్నాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నల్లబల్ల మీద ఒకసారి రాస్తే తుడిచాక కూడా ఆ రాత లీలగా కనిపించేది. ముందు పీరియడు లెక్కల మేష్టారి సూత్రాల మీదే నేను పానిపట్టు యుద్ధాలు నడిపించేవాణ్ణి. ఇప్పటి సుద్ద అలా కాదు. తడిగుడ్డ కనబడితే చాలు, తను అక్కడ ఉన్న సంగతే మర్చిపోతుంది. దీని మీద ఎవరికైనా అర్జీ పెడదామనుకున్నాను గానీ, అర్జీల విషయంలో నా హస్తవాసి ఏమంత మంచిది కాదని ఈమధ్యే తెలిసింది.

రిటైరయ్యాక నేను మా ఊరి పాత రేవులో మనుషుల్ని నడిపిస్తున్నాను. దాన్ని హెరిటేజ్ వాక్ అంటారు. మెళ్లో ఒక తాడు, తాడుకి నా ఫొటో ఉన్న కార్డు. మా ఆవిడ మెళ్లో నేను కట్టినదానికన్నా ఈ తాడు లావు. వచ్చినవాళ్లు పాత గోడల్ని చూస్తారు, నేను వాటి గురించి చెబుతాను, గోడలు ఏమీ అభ్యంతరం చెప్పవు. క్లాసులో కన్నా ఇదే నయం.

నడక కాలవ గట్టు మీద ఇనప గుంజల దగ్గర మొదలవుతుంది. ఒకప్పుడు వాటికి బార్జీలు కట్టేవారు. పెద్ద ఓడలు ఒడ్డుదాకా రాలేక సముద్రంలో దూరంగా నిలబడేవి. బియ్యం, పొగాకు, నూనెగింజల బస్తాలు ఈ బార్జీల్లో వేసుకుని కాలవలోంచి వాటిదాకా వెళ్లేవారు. గోదావరి తెచ్చి పోసే ఒండ్రుకి ఇక్కడ లోతు తగ్గింది. రేవు తన దారి తాను చూసుకుని, లోతున్న చోటికి పోయింది. ఉప్పాడ దగ్గర సముద్రం ఏటేటా ఊరిని కొరుక్కు తింటోంది. మా దగ్గర అదే సముద్రం ఊరిని ఒకసారి రుచి చూసి వెనక్కి తగ్గింది. గుంజలకి ఇప్పుడు పసుప్పచ్చ రంగు వేశారు. వాటి మీద కూర్చుని ఫొటోలు దిగుతారు. కాలవ వాసన ఫొటోలో రాదు కాబట్టి ఇబ్బంది లేదు.

తర్వాత గోదాములు. రెండడుగుల మందం గోడలు, బంగళాపెంకుల కప్పు, గాలి ఆడటానికి పైన అర్ధచంద్రాకారపు కిటికీలు. సున్నాన్ని గానుగలో వేసి, బెల్లం నీళ్లూ కరక్కాయా కలిపి, ఎద్దుతో రోజుల తరబడి తొక్కించి పూసిన గోడలవి. అలాంటి గోడ లోపలి తేమని బయటికి వదులుతూ ఉండాలి. ఈ సంగతి ప్రభుత్వం పాత రేవు పునరుద్ధరణ మొదలుపెట్టే ముందు జరిపిన సమావేశంలో చెప్పాను. అందరూ రాసుకున్నారు. రాసుకుని, సిమెంటు పూశారు. రెండో వర్షాకాలానికి గోడలకి పొక్కులొచ్చాయి. పొక్కుల మీద పాతకాలపు గోడలా కనిపించే రంగు వేశారు. ఇప్పుడా పాత గోడ పాత గోడ వేషంలో ఉంది.

లోపల కాఫీ హోటలు. బస్తాలుండే చోట గోనెసంచులతో కుట్టిన దిండ్లు వేశారు. బస్తాలు మోసినవాళ్లెవరూ వాటి మీద కూర్చోగా నేను చూడలేదు.

గోదాముల వెనకాల ఒక సన్నటి వీధి ఉంది. కళాసీల వీధి. కళాసీలంటే బార్జీల మీద పనిచేసినవాళ్లు. పునరుద్ధరణకి ముందే, ఎవరూ అడక్కపోయినా, ఆదివారాలు నా పాత విద్యార్థుల్ని నలుగురైదుగురిని పోగుచేసి ఈ వీధికి తీసుకొచ్చేవాణ్ణి. అప్పటికి అక్కడ ఐదు కుటుంబాలే మిగిలాయి. నాలుగిళ్లకి రేకు తలుపులు. ఐదో ఇంటికి పడవచెక్క తలుపు.

కళాసీల్లో ఒక ఆనవాయితీ ఉండేది. పడవ పాతబడి విప్పేసినప్పుడు మిగతా చెక్కంతా అమ్మేసినా, ముక్కు దగ్గరి చెక్క మాత్రం సరంగు, అంటే పడవని నడిపే పెద్ద, తన ఇంటికి తెచ్చుకునేవాడు. దాన్ని తలుపుగానో గడపగానో బిగించేవారు. ఇక ఆ ఇంటి ఆడవాళ్లు ప్రతి శుక్రవారం దాన్ని కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టాలి. నీళ్లమీద ఇన్నాళ్లు కాపాడినదాన్ని ఒడ్డున ఎండబెట్టకూడదట. ఆ తలుపు చెక్క మీద మేకులు పీకిన గుంటలు వరసగా ఉండేవి. వానాకాలంలో దగ్గరికెళితే పడవకి పట్టించిన గుగ్గిలం వాసన వచ్చేది.

ఆ ఇంటావిడ సరంగు భార్య. భర్త పోయి చాలా కాలమైంది. డెబ్బై దాటిన మనిషి, రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లేది. మేం వెళ్లిన ఆదివారాల్లో చెంబుతో మంచినీళ్లు ఇచ్చి, గుమ్మంలో చతికిలబడి, నేను చెప్పేది వినేది.

"మేష్టారూ, తమరు చెప్తుంటే మా వీధి ఇంత గొప్పదా అనిపిస్తాదండి. తమరు వెళ్లిపోయాక మళ్లీ మామూలైపోతాది."

విమర్శకులు నా గురించి అంత కచ్చితంగా ఎప్పుడూ అనలేదు. అసలు విమర్శకులే లేరనుకోండి.

రేవుని బాగుచేస్తారని తెలిసినప్పుడు ఆవిడకన్నా నేనే ఎక్కువ సంతోషించాను. రేవు చూడ్డానికి వచ్చేవాళ్లకి పంచే కరపత్రం రాసిపెట్టమని నన్నడిగారు. ఒక్క పేజీ. నెల్లాళ్లు రాశాను. అందులో కళాసీల వీధి గురించి ఇలా రాశాను: "రేవు వెళ్లిపోయాక ఈ వీధి ఖాళీ అయింది. తలుపులు మిగిలాయి, తీసేవారు లేరు." రాసి, గట్టిగా చదువుకుని, మా ఆవిడకి వినిపించాను.

"మరి ఆ రొయ్యల షెడ్డు ఆవిడ?" అంది మా ఆవిడ వంకాయలు తరుగుతూ.

"రచనలో అంతమాత్రం వెసులుబాటు ఉంటుంది," అన్నాను.

"ఓహో," అంది. మా ఇంట్లో ఓహో అంటే చర్చ ముగిసిందని అర్థం, ఒప్పుకున్నట్టు కాదు.

ఆ తర్వాత సర్వే వచ్చింది. వీధిలో ఉంటున్నవాళ్లకి ఊరి చివర కడుతున్న కాలనీలో తలా ఒక ఇల్లు ఇస్తామన్నారు. సర్వే కుర్రాళ్లు మనుషులున్న ప్రతి ఇంటి తలుపు మీదా సుద్దతో ఒక నంబరు వేసి, చుట్టూ సున్నా చుట్టి వెళ్లారు. ఖాళీ ఇళ్లకి ఏమీ వెయ్యలేదు. వారం పదిరోజుల్లో పై అధికారి వచ్చి ఆ నంబర్లు చూసి జాబితా ఖాయం చేస్తాడన్నమాట.

మధ్యలో శుక్రవారం వచ్చింది.

రేకు తలుపుని ఎవరూ కడగరు, ఎవరూ పసుపు రాయరు. ఆ నాలుగు నంబర్లూ భద్రంగా ఉన్నాయి. సర్వే వచ్చినప్పుడు షెడ్డులో ఉండి ఏ సంగతీ తెలియని ఆవిడ మాత్రం పొద్దున్నే లేచి, తలుపు మీద ఎవరో పిల్లలు పిచ్చిగీతలు గీశారనుకుని, నాలుగు బిందెల నీళ్లతో శుభ్రంగా కడిగి, నిండుగా పసుపు రాసి, బొట్లు పెట్టి, తాళం వేసుకుని షెడ్డుకి వెళ్లింది. అధికారి ఆ మధ్యాహ్నమే వచ్చాడు. తాళం చూశాడు, నంబరు లేదు. ఖాళీ అని రాసుకున్నాడు. తలుపు బాగుందని ఫొటో మాత్రం తీసుకున్నాడట.

ఆధార్ కార్డు చూపిస్తే సరిపోయేది. కానీ కిందటేడు కంటి ఆపరేషన్‌కి నిడదవోలులో కూతురి దగ్గర రెండు నెలలున్నప్పుడు, ఆసుపత్రివాళ్లు అడిగారని చిరునామా అక్కడికి మార్పించేశారు. ఆవిడ ఈ వీధిలో ఉందని చెప్పడానికి ఆ పసుపు తప్ప వేరే కాగితం లేదు.

నేను సాక్ష్యం చెప్తానని ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను కూడా. ఆ అధికారే లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"రండి మాస్టారూ, కూర్చోండి. మీ కరపత్రం అద్భుతమండి."

"అదేం లేదండి. ఈవిడ సంగతి..."

"చూశానండి ఫైలు. నేను వెళ్లినప్పుడు తాళం ఉంది, నంబరు లేదు. పొరపాటేమో అని నేను అక్కడితో వదల్లేదండి, వేరే ఆధారాలు కూడా చూశాను." ఫైల్లోంచి కరపత్రం తీశాడు. కొంచెం గొంతు సవరించుకుని, చాలా బాగా చదివాడు. "'తలుపులు మిగిలాయి, తీసేవారు లేరు.' ఇంత స్పష్టంగా మీరే రాశాక ఇంక మేమేం చెయ్యగలమండి?"

ఆవిడ నా వైపు చూసింది. నేను ఆ గది కిటికీ వైపు చూశాను. కిటికీ సాదాసీదాగా ఉంది, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

"అది ఊరికే ఒక... శైలి అండి," అన్నాను.

"లిఖితపూర్వకంగా ఇవ్వండి," అన్నాడు.

ఇచ్చాను. నేను రాసింది నిజం కాదని, ఆ ఇంట్లో ఒక మనిషి ఉందని, ఆవిడ చేతి మంచినీళ్లు నేనే తాగానని, మూడు పేజీల అర్జీ. నా జీవితంలో అలంకారాలు లేకుండా రాసిన రచన అదొక్కటే.

ఈలోగా పనులు జరిగాయి. నాలుగు కుటుంబాలు కాలనీకి వెళ్లిపోయాయి. కళాసీల వీధి కప్పులు దింపేసి, ముందు గోడలు మాత్రం ఉంచి, వెనకాల కాఫీ హోటలువాళ్లు కుర్చీలు వేసుకోవడానికి చదును చేశారు. పడవచెక్క తలుపుని ఎంతో శ్రద్ధగా కాపాడారు. వార్నిష్ వేసి, దాని మీద పడేలా ఒక దీపం కూడా పెట్టారు. తలుపు తీస్తే అవతల గొడుగులూ, కుర్చీలూ, కోల్డ్ కాఫీ. తలుపు పక్కన గోడకి నల్లరాయి ఫలకం బిగించారు. దాని మీద నా రెండు వాక్యాలూ చెక్కించారు. అచ్చుతప్పులు లేవు. రాసిన వాక్యం రాయికెక్కాలని కోరుకోని రచయిత ఉండడు. నాకు ఎక్కింది. అప్పట్నుంచీ అక్కడ ఆగినప్పుడల్లా నా వీపు ఆ ఫలకానికి అడ్డం పడేలా నిలబడటం అలవాటు చేసుకున్నాను. ఒళ్లు కాస్త వచ్చింది కాబట్టి చాలావరకు కవరవుతుంది.

ఆవిడ ఇప్పుడు షెడ్డు వెనకాల పనివాళ్ల గదిలో ఇంకో ముగ్గురితో ఉంటోంది. షెడ్డులో పనిచేసినంతకాలమే ఆ గది. వేళ్లు వంకర్లు పోతున్నాయి, రోజుకి తీసే తలలు తగ్గుతున్నాయి. కాలనీలో ఆ ఒక్క ఇల్లూ వస్తే తప్ప, చేతులు ఆగిపోయిన రోజున ఆవిడ ఎక్కడికెళ్లాలో ఎవరికీ తెలియదు. కూతురుంది కదా అంటే, "కూతురుంది గానీ ఇల్లు దానిది కాదు కదండి," అంటుంది.

శుక్రవారాలు మాత్రం పసుపు, కుంకుమ, చిన్న చెంబు పట్టుకుని తలుపు దగ్గరికి వస్తుంది. మొదట్లో సెక్యూరిటీవాళ్లు గెంటేశారు, వార్నిష్ పాడవుతుందని. నా మెళ్లో కార్డు చూపించి, ఈవిడ వాక్‌లో భాగమని చెప్పి, శుక్రవారం కూడా నడక పెట్టించాను. చేసిందానికి నేను చేయగలిగిన పరిహారం అంతవరకూ వచ్చి ఆగింది.

మొన్న శుక్రవారం విశాఖపట్నం నుంచి ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు పదిహేనుమంది వచ్చారు. తెలివైన పిల్లలు. సిమెంటు పొక్కులు నేను చెప్పకముందే కనిపెట్టారు. వాళ్లని గుంజల దగ్గర్నుంచి గోదాముల మీదుగా తీసుకొస్తున్నాను గానీ నా మనసు చొక్కా జేబులో ఉంది. జేబులో ఆ పొద్దున్నే వచ్చిన కవరు ఉంది.

ఆవిడ అప్పటికే తలుపు ముందు గొంతుక్కూర్చుని దాని అడుగుభాగం కడుగుతోంది. నన్ను చూసి చెంబు పక్కన పెట్టింది.

"కాగితం వచ్చిందాండి మేష్టారూ?"

రాలేదని చెప్పడం తేలిక. అంతకుముందు ఐదారు శుక్రవారాలు ఆ మాటే చెప్పాను, అప్పుడది నిజం కూడా.

"వచ్చిందమ్మా."

"ఏమన్నారండి?"

"మన అర్జీని పరిశీలించారట. పరిశీలించి ముగించారట."

"ముగించడమంటే ఇత్తారనాండి?"

"ఇవ్వరనమ్మా. జాబితా అయిపోయింది. ఇళ్లన్నీ ఇచ్చేశారు. ఇంక మళ్లీ పెట్టుకోవడానికి లేదన్నారు."

"పైవాళ్లకి పెడితేనో?"

"ఇది పైవాళ్ల దగ్గర్నుంచే వచ్చిందమ్మా."

ఆవిడ కాసేపు తన చేతివేళ్లు చూసుకుంది. తర్వాత పసుపు కలుపుకుని తలుపుకి రాయడం మొదలుపెట్టింది. వార్నిష్ మీద పసుపు సరిగ్గా పట్టదు. ఒకచోట రెండుమూడుసార్లు రాయాలి. రాసింది.

నేను మామూలుగా నా చోట్లో నిలబడి, నా వీపుని దాని పనిలో పెట్టి, పడవచెక్క గురించి, మేకుల గుంటల గురించి చెప్పాను. గుగ్గిలం వాసన గురించి చెప్పబోయి మానేశాను. ఇప్పుడు కాఫీ వాసన వస్తోంది. పిల్లలు ఫొటోలు తీశారు. తలుపువి కొన్ని, పసుపు రాస్తున్న చేతులవి కొన్ని. చాలా గౌరవంగానే తీశారు, అడిగి మరీ తీశారు.

వాళ్లలో ఒకమ్మాయి, కళ్లజోడు పిల్ల, నోట్‌బుక్ పట్టుకుని ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"మామ్మగారూ, మీకీ తలుపు గురించి బాగా తెలిసినట్టుందే. ఈ ఇంట్లో ఆఖరుగా ఎవరుండేవాళ్లండీ?"

ఆవిడ చివరి బొట్టు పెట్టి, వేలు చీర కొంగుకి తుడుచుకుని, నా వైపు చూడకుండానే చెయ్యెత్తి నన్ను చూపించింది.

"ఎవరూ లేరమ్మా. అదిగో, మేష్టారు వీపు వెనకాల దాస్తన్న రాయి మీద ఆయనే రాశారు. ఆయన్ని పక్కకి జరగమని, గట్టిగా చదువు. నేనూ వింటాను."