అత్తయ్యగారి కంట్లో మేట

మొన్న కాకినాడలో కళ్లు చూపించుకోవడానికి వెళితే, మా అమ్మాయి వయసు కూడా లేని ఓ పిల్ల నన్ను మిషను ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించి ఆకుపచ్చ చుక్కనే చూడమని, నేను సర్దుకునేలోపే రెండు కళ్లకీ ఫొటోలు తీసేసింది. పక్కగదిలో డాక్టరుగారు వాటిని చూసి, మచ్చా లేదు, నీరూ లేదు, మళ్లీ ఏడాదికి రండి అన్నారు. తేలికపడాల్సిన మాటే. కానీ బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక మా అత్తయ్యగారు గుర్తొచ్చి, కాసేపు లేవబుద్ధి కాలేదు.

మా అత్తవారిది మురమళ్ళ దగ్గర ఓ పల్లె. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, అంటే తొంభైల్లో, అత్తయ్యగారి ఎడమకన్ను మసకేసింది. మనకి ఊరంతా వైద్యులే కదా, శుక్లమని అందరూ కలిసి తేల్చేశారు. శుక్లమైతే ముదరాలి, పచ్చిగా ఉండగా కోస్తే కన్నే పోతుంది అని ఆ రోజుల్లో ఎంత గట్టి నమ్మకమో మన ఈడువాళ్లకి చెప్పక్కర్లేదు. ఎదురుగా ఉన్న మనిషి మొహం చెరిపేసినట్టుందనీ, చుట్టూ ఉన్న తలుపూ గోడా మాత్రం బాగానే ఆనుతున్నాయనీ ఆవిడ ఒకటి రెండుసార్లు అన్నారు. శుక్లం అలా ఉండదని చెప్పగలిగినవాళ్లు మాలో ఒక్కరూ లేకపోయారు. ముదిరేదాకా ఆగాం.

చివరికి ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి ఏరు దాటి, యానాం మీదుగా కాకినాడ తీసుకువెళితే, ఆ డాక్టరుగారు శుక్లం మాట పక్కనపెట్టి, కంటి వెనక పొర చూడాలి, చేతి నరంలోకి రంగుమందు ఎక్కించి ఫొటోలు తీయాలన్నారు. అప్పటి ఫొటోలంటే ఫిల్ము రీళ్లే. కడిగించి చూస్తాం, వారం పోయాక రమ్మన్నారు. ఆ రంగేమో పసుప్పచ్చది. సాయంత్రానికి ఒళ్లంతా పచ్చగా ఇల్లు చేరిన ఆవిణ్ణి చూసి, పక్కింటి పిన్నిగారు పచ్చకామెర్లని నిర్ధారించి, తెల్లవారేసరికల్లా పసరుమందు పట్టుకొచ్చేశారు. అంత ప్రేమగా తెచ్చిన మనిషిని చిన్నబుచ్చడం ఎలాగని, అత్తయ్యగారు అసలు సంగతి చెప్పకుండా ఆ చేదంతా తాగి, పైగా చప్పిడి పథ్యం కూడా చేశారు. ఆ సంగతి తలుచుకుని ఏళ్లతరబడి నవ్వుకున్నాం. మా వైపు మొహమాటం అలాంటిది మరి.

వారం పోయాక డాక్టరుగారు ఫొటో చూపించి, ఇది వయసుతో వచ్చే జబ్బనీ, చూపుకి ఆయువుపట్టయిన చోట పొర కింద పిచ్చి రక్తనాళాలు పుట్టి, నీరు ఊరి, ఆఖరికి మచ్చకట్టేసిందనీ, ఇంక చేసేదేమీ లేదనీ చెప్పారు. మావయ్యగారు గోదావరి లంకభూములు సాగుచేసిన మనిషి. కాసేపు ఆ ఫొటోకేసి చూసి, "నీరైతే తీసేసేదే గానండీ, మేట వేసేసిందంటారు" అన్నారు. వరదనీరు ఎలాగూ నాలుగు రోజులకి తీసి వెళ్లిపోతుంది, ఇసుక మేట వేసిన చేనే మళ్లీ పనికిరాదు. డాక్టరుగారు అంతేనన్నారు. రెండో కంటికీ రావచ్చని, ఎడమకన్ను మూసుకుని రోజూ కిటికీ ఊచలు చూడమనీ, అవి వంగినట్టు కనిపిస్తే ఆలస్యం చేయవద్దనీ మరీమరీ చెప్పి పంపించారు.

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. ఎప్పుడడిగినా "ఆయ్, తిన్నగానే ఉన్నాయమ్మా" అనేవారు. ఈలోగా ఏటి మీద వంతెన వచ్చింది, మా అమ్మాయి అయిదో తరగతికి వచ్చింది. నేను పక్క ఊళ్లో పంతులమ్మని, పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్లిపోయేదాన్ని. పిల్లకి రెండు జడలు వేసి బడికి పంపడం అత్తయ్యగారి పని. ఆవిడ పాపిడి తీస్తే దారం పట్టి గీసినట్టుండేది. ఆదివారాలు నేను తీసిన పాపిడి నచ్చక విప్పేసి మళ్లీ తీసేవారు, నేను పైకి నవ్వుతూ లోపల ఉడుక్కునేదాన్ని. ఆ మధ్య కొన్నాళ్లుగా ఆదివారం జడల జోలికి ఆవిడ రావడం లేదని కూడా నాకు తట్టలేదు, పైపెచ్చు సంతోషించాను.

ఓ రోజు ఒంట్లో బాగోక సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. బడికి తయారైన పిల్ల నెత్తి చూద్దును కదా, పాపిడి కాలవగట్టు రోడ్డులా వంకరలు తిరిగి ఉంది. నేను నోరు తెరిచేలోపే అది నాకేసి చూసి, వద్దన్నట్టు తల ఊపింది. వీధి గుమ్మం దాకా వెంట వెళ్లి అడిగితే, "చెప్పకమ్మా, నాన్నమ్మ నొచ్చుకుంటుంది. నేను బళ్లో బోరింగు దగ్గర సరిచేసుకుంటున్నాగా" అంది. దసరా సెలవుల ముందు నుంచీ అదే వరసట. అప్పటికి కార్తీకం కూడా వెళ్లిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. తిన్నటి గీత ఆవిడ కంటికి వంకరగా కనిపిస్తోంది, తిన్నగా కనిపించేదాకా దిద్దుతుంటే పాపిడి వంకరపోతోంది. లోపలికి వెళ్లి కిటికీ ముందు నిలబెట్టి అడిగితే, ఊచలు ఎప్పుడో వంగాయని ఒప్పుకున్నారు. మొదటి కంటికి చేసేదేం లేదన్నారు కదా, ఉద్యోగం చేసుకునే పిల్లవి, నిన్ను తిప్పడం ఎందుకని ఊరుకున్నారట. పెళ్లయ్యాక ఆవిడ మీద నేను గొంతు పెంచింది ఆ రోజొక్కటే.

మర్నాడే పిల్లతో సహా నలుగురం కాకినాడ వెళ్లాం. ఈసారి రంగుమందు లేదు, రీలు లేదు. కొత్త మిషను కంటి లోపలి పొరల్ని పూతరేకు మడతల్లా అడ్డంగా కోసినట్టు తెర మీద చూపించింది. మావయ్యగారు అడిగింది ఒకటే మాట, "నీరాండీ, మేటాండీ?" ఏటా వరద రాకూడదని మొక్కుకునే ఇంటి కోడల్ని, ఆ క్షణాన నీరే కావాలని దేవుణ్ణి వేడుకున్నాను. రెండూ ఉన్నాయన్నారు డాక్టరుగారు. నల్లగా ఉబ్బినది నీరు, దాని పక్కన తెల్లగా గట్టిపడుతున్నది మచ్చ. నీటికి ఇప్పుడు మందు వచ్చింది, కంట్లోకే సూది వేస్తాం, మచ్చని మాత్రం తీయలేం అన్నారు. దసరాకే తీసుకొస్తే ఆ మచ్చ ఉండేది కాదేమోనని కూడా, ఎవర్నీ తప్పుపట్టకుండా, అన్నారు. పక్కన పిల్ల ఉన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

బస్సులో అది వెక్కివెక్కి ఏడ్చింది. అత్తయ్యగారు దాన్ని ఒళ్లోకి లాక్కుని, "ఊరుకోమ్మా, నువ్వు చెప్పినా నేను ఒప్పుకునేదాన్నా" అన్నారు.

సూదులకి నీరు తీసింది. చిన్న అక్షరాలూ, సూదిలో దారం ఎక్కించడం పోయాయి గానీ, కన్నుమూసేదాకా ఆవిడ మా మొహాలు గుర్తుపట్టగలిగారు. అంతమాత్రం దక్కినందుకు ఆ మిషనుకి ఇప్పటికీ దణ్ణం పెడతాను. మిషనుకి మొహమాటం లేదు. మా ఇంట్లో కూడా ఆ మూడు నెలలూ ఆ మొహమాటం లేకపోతే ఎంత బాగుండేదో అని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

అయితే ఈమధ్య అమలాపురంలో ఓ పెళ్లికి వెళ్లి, పొద్దుటి నుంచి అందరితోనూ కలిసి తిరిగి, భోజనాలై ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే, నా బొట్టు చెదిరి కనుబొమ మీదికి పాకి ఉంది. అంతమంది బంధువుల్లో ఒక్కరూ చెప్పలేదు. పాపం మొహమాటపడి ఉంటారని సర్దిచెప్పుకోబోయాను. మొహమాటపడాలన్నా, ముందు ఎవరో ఒకరు నా మొహంకేసి చూసి ఉండాలి కదా.