బొటనవేలికి కచ్చా కుట్టు

"రేపు కత్తెర తెరుచుకోకపోతే?"

ఆపరేషన్‌కి తీసుకెళ్లే చక్రాల మంచం అప్పటికే గుమ్మంలోకి వచ్చేసింది. దాని మీద పడుకోవాల్సిన మనిషే ఆ మాట అడిగింది, కుడి బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని, అందరి మొహాలూ చూస్తూ. వాళ్లలో నేనూ ఉన్నాను, కొంత తెలిసి ఉండాల్సినవాణ్ని.

మా కింది వాటాలో ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతోందావిడ. వీధికంతా కచ్చాకుట్ల అక్క. ఎంత తొందరపెట్టినా సరే, పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేసి, తొడిగించి, చేతులు ఎత్తించి, కూర్చోబెట్టి చూశాకే మిషన్ మీద పెడుతుంది. "జాకెట్టు కన్నా ముందు మా ఓపిక కొలుస్తుంది" అని వచ్చినవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. వేసుకునేది తను కాదు కదా, తన కళ్లకి బాగుంటే ఏం లాభం అనేది ఆవిడ.

ఏడాదిగా బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయి, కత్తెర పట్టినప్పుడల్లా పెదవి కొరుక్కునేది. దానికి రెండు దారులున్నాయి. కీలును శాశ్వతంగా బిగించేస్తే నొప్పి పోతుంది, పట్టు గట్టిగా ఉంటుంది, కానీ వేలు ఆ చోట ఇక కదలదు. అక్కడి చిన్న ఎముకను తీసేస్తే వేలు కదులుతుంది, పట్టు తగ్గుతుంది, కోలుకోవడానికి నెలలు పడుతుంది. సైన్సు చదివినవాణ్నని ఆవిడ కొడుకు నన్నడిగాడు. నాలుగు పరిశోధన పత్రాలు తిరగేసి, చేత్తో కష్టపడేవాళ్లకి బిగింపే మేలట అన్నాను. డాక్టరుగారూ అదే అన్నారు. కొడుకు కాగితం ముందు పెట్టి చోటు చూపిస్తే ఆవిడ సంతకం చేసేసింది.

ఆ పత్రాల్లో పిడికిలి బలం కొలిచారు. కత్తెర తెరవడాన్ని ఎవరూ కొలవలేదు. ఆ సంగతి నాకు ఆ గదిలో, అప్పుడు తట్టింది.

డాక్టరుగారు గడియారం చూసుకున్నారు. "నొప్పి ఉండదమ్మా. పట్టు బాగుంటుంది."

"పట్టు సంగతి కాదు బాబూ. తెరుచుకుంటుందా?"

ఇవాళ తప్పితే నెల్లాళ్ల దాకా తారీఖు దొరకదని, అందరి ముందూ పరువు తీయొద్దని కొడుకు గొణిగాడు. ఆవిడ వినిపించుకోకుండా తన సంచి అడిగింది. అందులో తువాలులో చుట్టిన పెద్ద కత్తెర ఉంది. ఆస్పత్రికి ఇదెందుకు తెచ్చావని నర్సు మందలిస్తే, "నువ్వు నీ సూది తెచ్చుకోలేదూ?" అంది. తర్వాత డాక్టరుగారి వైపు తిరిగింది.

"బిగిస్తే ఎలా ఉంటుందో ముందు కట్టి చూపించండి. కచ్చా కుట్టు వేసి చూడందే నేను పరికిణీ కూడా ఇవ్వను. ఇది నా చెయ్యి."

ఆయన మొహం ఎర్రబడింది. గుమ్మంలో మంచం తోసేవాడు గొంతు సవరించుకున్నాడు. అరుస్తారో, వెళ్లిపోతారో అనుకున్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రేకుపట్టీ, కట్టుగుడ్డ తెప్పించి, బొటనవేలి మొదలును తామే స్వయంగా కదలకుండా కట్టారు.

ఆవిడ కత్తెర అందుకుని తువాలు అంచుకి పెట్టింది. కత్తెర అంగుళం తెరుచుకుని ఆగిపోయింది. మోచెయ్యి తిప్పింది, భుజం ఎత్తింది. నుదుట చెమట పట్టింది. మూడోసారికి కత్తెర ఒళ్లో పెట్టేసుకుంది.

"చూశారుగా" అంది, కోపం లేకుండా.

"కాగితంలో చేతిపని అని ఉందమ్మా. ఏ పనో నేను అడగలేదు" అన్నారాయన.

రెండో దారి గురించి ఆవిడతో ఎవరైనా మాట్లాడడం అదే మొదలు. ఆవిడ ఒక్కొక్కటీ అడిగి, తిరిగి ఒప్పజెప్పి, తప్పు చెప్పినచోట దిద్దించుకుంది. పాత కాగితం చింపించింది. చక్రాల మంచం ఖాళీగా వెళ్లిపోయింది. చిన్న ఎముక తీసే ఆపరేషన్ నెల తర్వాత జరిగింది. ఆ నెలంతా నొప్పి భరించింది. ఇప్పుడు కత్తెర తెరుచుకుంటుంది. జీన్స్ గుడ్డ మాత్రం కోయలేదు. ఆ మాట తన వాటా ముందున్న బోర్డు మీద రాయించేసింది.

మా పాపకి ఐదేళ్లు, ఉబ్బసం. మందు పీల్చే మాస్క్ పెట్టాలంటే రోజూ యుద్ధమే. ఊపిరి ఆగిపోతుందేమోనన్న భయంతో నేనే దాని చేతులు అదిమిపట్టి పెట్టేవాణ్ని. ఇప్పుడు ముందు మందు లేని మాస్క్ దాని చేతికిస్తాను. కిటికీ దగ్గర కూర్చోవాలో నా ఒళ్లోనో అదే చెబుతుంది, ఊపిరులు లెక్కపెట్టేదీ అదే. దాని ఏడుపు విని, ఇంకా కట్టు విప్పని చేత్తో మెట్లెక్కి వచ్చి ఆవిడ చెప్పిన పద్ధతే ఇది.

"మందు వేయాలా వద్దా అన్నది నువ్వు తేల్చు సైన్సు బాబూ. ఎలా వేయాలో మాత్రం దాన్నడుగు. ఊపిరి దానిది."