ఫ్లెక్సీలో మాయమైన ఎర్ర గీత

సిద్దిపేటలోని మా ఆఫీసులో ఓ ప్రైవేటు దవాఖానకు సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. లోపల ఏ భాగం దేని మీద ఆధారపడిందో చూపిస్తూ నేనొక డయాగ్రమ్ గీశాను. అందులో బిల్లింగ్ నుంచి ల్యాబ్ రిపోర్టుకు ఒక గీత ఉంది. బిల్లింగ్ ఆగితే ఎమర్జెన్సీ పేషెంటు రక్తపరీక్ష రిపోర్టు కూడా డాక్టరుకు కనిపించదు. సరిచేద్దామంటే ఎప్పుడూ టైం లేదంటారు. అందుకే దాన్ని ఎర్రగా గీశాను.

కొత్తగా చేరేవాళ్లు చూసి నేర్చుకుంటారని మా మేనేజర్ శ్రీకాంతన్న దాన్ని ఫ్లెక్సీ కొట్టించి, ఈ రోజు గోడకు కట్టించాడు. మా దగ్గర ఫ్లెక్సీ అంటే ఫొటో ఉండాల్సిందే. నట్టనడుమ మా కంపెనీ ఓనర్ సార్ దండం పెడుతూ నవ్వుతున్నారు. ఎర్ర గీత మాత్రం లేదు.

"అన్నా, గీత ఏది?"

"గది సార్ మొఖం మీదికెళ్లి పోతుందమ్మా. నేనే తీసేయమన్న."

"సిస్టమ్ల ఉన్నది గదన్నా."

"సిస్టమ్ ఎవరు చూస్తరు? సార్ చూసేది ఫ్లెక్సీనే."

సార్ చూశారు. బాగుందన్నారు. దాని ముందు అందరం ఫొటో దిగాం, నేనూ దిగాను.

రేపెప్పుడైనా రిపోర్టు రాకపోతే, కొత్త పిల్లలు ఆ ఫ్లెక్సీ ముందే నిలబడి కారణం వెతుకుతారు. మీ ఆఫీసుల్లో అలాంటి కారణం ఎక్కడుంటుందో చెప్పండి. మా దగ్గరైతే అది సార్ నవ్వు వెనకాల ఉంది.