పక్కింటావిడ తెచ్చిన రివాల్వర్

రిటైరయ్యాక నేను మొదట విప్పింది మా తెలుగు చర్చి హార్మోనియం. ఎవరో కాకినాడ నుంచి టెక్సస్‌లోని ఇర్వింగ్ దాకా మోసుకొచ్చారు దాన్ని. కొన్ని మెట్లు నొక్కితే మూలుగుతాయే తప్ప పలకవు. ఉద్యోగమంతా ఇతరులు రాసిన కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు వెతికినదాన్ని, చేత్తో పట్టుకోగలిగే వస్తువు ఒక్కటీ అంతవరకూ బాగుచేసి ఎరగను. ఆ హార్మోనియం పలికిన ఆదివారం నుంచి సంఘంలోవాళ్ల మిక్సీలు, గోడ గడియారాలు మా గరాజ్‌కి రావడం మొదలైంది.

ఆ సంగతి తెలిసే పక్కింటావిడ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, టెక్సస్‌లోనే పుట్టి పెరిగింది. ఒక మధ్యాహ్నం పాత తువ్వాలులో చుట్టి తెచ్చి, బరువుగా నా బల్ల మీద పెట్టింది. విప్పి చూస్తే రివాల్వర్. తుప్పు పట్టి ఇటుక ముక్కలా ఉంది.

“మా నాన్నది,” అంది. “ఆయన పోయాక అమ్మ దీన్ని గుర్రాల కొట్టంలో పడేసింది. పైకప్పు కారి ఇలా అయింది. తుపాకుల షాపులో చూపిస్తే వేస్ట్ అన్నారు.”

“మళ్లీ పేల్చాలనా?”

“కాదు. కదిలితే చాలు.”

నేను ఎన్నడూ తుపాకీ ముట్టుకున్నదాన్ని కాదు. ఆవిడ వెళ్లాక మా ఆయన వంటింటి గుమ్మంలోంచే చూశారు, గరాజ్‌లోకి అడుగు పెట్టలేదు.

“మిక్సీలంటే సరే. ఇప్పుడు ఇదేంటి?”

“తుప్పు వదిలించమంది, అంతేగా అండీ.”

“లోపల బుల్లెట్ ఉంటే?”

మర్నాడు ఆవిడా నేనూ ఆ షాపుకే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాం. అక్కడతను లైటు వేసి సిలిండర్‌లో గుళ్లు పెట్టే గదులన్నీ చూసి, ఖాళీ అని చెప్పాడు. అప్పుడుగాని మా ఆయన దాన్ని ఇంట్లో ఉండనివ్వలేదు.

ఆ వేసవంతా అది నూనెలో నానింది. నాలుగైదు రోజులకొకసారి తీసి తుడిచి, స్క్రూ మీద కొంచెం బలం పెట్టి చూసేదాన్ని. కదలకపోతే మళ్లీ నూనెలో వేసేసేదాన్ని. గట్టిగా తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది, ఇక ఎప్పటికీ రాదు. మధ్యలో ఆవిడను చూస్తే మొహం చాటేయాలనిపించేది. ఆవిడ మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఒక ఉదయం స్క్రూ కదిలింది. ఎంత మెత్తగా కదిలిందంటే నా చేయే జారిందనుకున్నాను.

ముందు చెక్క పిడి ఊడి వచ్చింది. దాని కింద ఇనుము కొత్తగా ఉంది, ముదురు నీలంగా, నెమలి మెడలా మెరుస్తూ. ఎండా వానా తగలని చోట ఆ నీలం అన్నేళ్లూ అలాగే దాగి ఉంది. లోపలి భాగాలు ఒక్కొక్కటే బయటికి తీశాను. ప్రతి దాని మీదా ఒకే రకం చిన్న గీత. ఇవన్నీ ఒకదానికొకటి సరిపోయేలా అరగదీసిన మనిషి, వేరే వాటితో కలిసిపోకుండా పెట్టుకున్న గుర్తు. ఎవరూ చూడని లోపలి వైపు కూడా అద్దంలా నునుపు చేశాడు. నేను స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఆ ముక్కలను చూస్తూ ఉండిపోయాను.

శుభ్రం చేసి బిగించాక, లోపలి భాగాలను మూసే పక్క పలక పెట్టకుండా, గుండును పేల్చే మీటను, అదే హ్యామర్‌ను, బొటనవేలితో వెనక్కి లాగాను. లోపల ఒక చిన్న కొక్కెం కిందికి దిగి సిలిండర్‌ను వదిలింది. అదే క్షణంలో చేయి లాంటి ఇంకో సన్నటి ముక్క పైకి లేచి దాన్ని తిప్పింది. సిలిండర్ సరిగ్గా తన చోటికి రాగానే కొక్కెం మళ్లీ పైకి వచ్చి పట్టేసింది. కరెంటు లేదు, కోడ్ లేదు. ఒకటి కదిలితే రెండోదానికి తెలుస్తోంది. మనుషుల ప్రాణాలు తీయడానికి చేసిన వస్తువని తెలుసు. ఇంత శ్రద్ధ దీని మీదా అనిపించింది. అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను.

ఆవిడను పిలిచాను. వచ్చి కూర్చోగానే, హ్యామర్‌ను మెల్లగా లాగాను. టిక్, టిక్, టిక్, టిక్.

ఆవిడ బల్ల అంచు పట్టుకుంది.

“ఇంకోసారి,” అంది.

లాగాను. కళ్లు మూసుకుని వింది.

“భోజనమయ్యాక నాన్న వరండాలో కూర్చుని దీన్ని తుడిచేవాడు. గుళ్లు తీసేసి, ఇలా లాగి చూసేవాడు. నేను మంచం మీద పడుకుని వినేదాన్ని. ఆ చప్పుడు వినిపిస్తే నాన్న ఇంట్లో ఉన్నట్టే. నిద్రపోయేదాన్ని. ఆయన గొంతు నాకు గుర్తు లేదు. ఎంత ప్రయత్నించినా రాదు. ఇది మాత్రం ఆయనే.”

గుమ్మంలో నిలబడ్డ మా ఆయన ఆ రోజు మొదటిసారి మెట్టు దిగి గరాజ్‌లోకి వచ్చారు. ఆవిడ పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చుని, “లోపల అది ఎలా తిరుగుతోంది? చూపించు,” అన్నారు.

పక్క పలక ఇంకా పెట్టలేదు. ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. చివరికి ఆవిడ చేయి చాచింది. బొటనవేలు హ్యామర్ మీద ఉంచి, తనే లాగింది.