గురకతో సహా

మా బాబాయికి లోకంలో ఏదీ మారకూడదు. పాతది పోయి కొత్తది వస్తే ఆయనకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఆ కొత్తది అచ్చం పాతదానిలాగే ఉండాలి, లోపాలతో సహా.

ఆయనకు డూప్లికేట్ తాళంచెవులు చేసే దుకాణం ఉంది. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని అచ్చుగుద్దినట్టు కోయడమే బతుకంతా పని కావడంతో ఆ జబ్బు ఒంటికి పట్టింది. దర్జీకి పాత చొక్కా ఇచ్చి "అచ్చం ఇలాగే కుట్టు" అన్నాడు. తీరా కుట్టాక, రెండో బొత్తం ఎందుకు పెట్టావని దర్జీ మీద విరుచుకుపడ్డాడు. పాత చొక్కాకి అది ఏనాడో ఊడిపోయింది మరి. ఇంటికి తెల్లరంగు వేయించినప్పుడైతే, వంటింటి గుమ్మం పక్కనుండే నూనె మరక పోయిందని దిగులుపడి, చేతికి నూనె రాసుకుని వెళ్ళి సరిగ్గా అక్కడే ఆనుకుని నిలబడ్డాడు.

అలాంటి మనిషి ఇంట్లో కంప్యూటర్ హార్డ్‌డిస్క్ చావుబతుకుల్లో పడింది.

ఆ కంప్యూటర్ పిన్నిది. డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటల్ని చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని వింటూ టైపు చేయడం ఆవిడ ఉద్యోగం. మర్నాటికల్లా అది లేవకపోతే ఆ పని ఇంకొకరి చేతికి పోతుంది. ఇలాంటి రోగాలు కుదర్చడమే నా వృత్తి గనక నాకు కబురొచ్చింది.

"ఇది ఇవాళో రేపో పోతుంది బాబాయ్. కొత్త డిస్క్ పెట్టి, సిస్టమ్ మళ్ళీ మొదట్నించీ ఎక్కిస్తాను. హాయిగా ఉంటుంది."

"హాయి ఎవడడిగాడు? ఉన్నది ఉన్నట్టు దించు."

"ఇందులో ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్త ఉంది."

"చెత్తతో సహా దించు."

"తెరంతా ఆ పసుపేంటి? అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి!"

"ఉండనీ. తాళంచెవికి ఒక్క పన్ను తేడా వస్తే తలుపు తెరుచుకుంటుందట్రా?"

చేసేది లేక పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి నకలు తీయడం మొదలుపెట్టాను. అది కాసేపు గుర్రుగుర్రుమని గురకపెడుతూ నడిచేది, పాడైన చోటికి రాగానే చతికిలబడేది. బాబాయి రోగి మంచం పక్కన కూర్చున్నట్టు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఏమంటోంది?"

"ముక్క అందడం లేదు. మళ్ళీ మళ్ళీ చదువుతోంది."

"తొందరపెట్టకు. ముసలి ప్రాణం."

పిన్ని గుమ్మం దగ్గరికి వచ్చి "రేపటికి లేస్తుందంటావా?" అని అడగడం, నేను "లేస్తుంది పిన్నీ" అని నీళ్ళు నమలడం, సాయంత్రం దాకా ఇదే తంతు.

చివరికి కొత్త డిస్క్‌తో కంప్యూటర్ చిటికెలో లేచింది. నా సంబరం కొద్దీ, తెర మీద తలో దిక్కున పడున్న ఐకాన్లన్నీ ఒక వరసలో సర్దాను. బాబాయి గుండెలు బాదుకున్నాడు. ముందే తన ఫోన్‌లో తీసి పెట్టుకున్న ఫొటో చూస్తూ, ఒక్కోదాన్నీ నా చేతే పాత చోటికి లాగించాడు. అంతా అయ్యాక చెవి రిక్కించాడు.

"గురకేదీ?"

"కొత్త డిస్క్ చప్పుడు చేయదు బాబాయ్. దాని గొప్పే అది."

"మరి ఆన్ అయిందని ఎలా తెలుస్తుంది?"

"కళ్ళతో చూస్తే తెలుస్తుంది!"

ఆయన స్టూలు వేసుకుని ఎక్కాడు. అటక మీంచి ఒక అరిగిపోయిన ఫ్యాన్ దింపి, నా చేతే కంప్యూటర్ లోపల బిగింపించాడు. అది గుర్రుమని లంకించుకుంది. నా వృత్తి పరువు గంగలో కలిసింది.

పిన్ని వచ్చింది. "గురక కూడా దింపారా!" అని నవ్వుతూ కూర్చుంది. మౌస్‌ని తిన్నగా కింది మూలకు తోసి నొక్కింది, టైపు చేసే పేజీ తెరుచుకుంది. ఎడం చెయ్యి హెడ్‌ఫోన్స్ కోసం వెళ్ళి, అక్కడ నేను పెట్టిన స్క్రూడ్రైవర్ల పెట్టెను తడిమింది. హెడ్‌ఫోన్స్ ఆవిడ కళ్ళెదుటే ఉన్నాయి. అయినా తడుముతూనే ఉంది. బాబాయి చప్పుడు కాకుండా పెట్టె తీసేసి, హెడ్‌ఫోన్స్ ఆ చేతికి అందేలా జరిపాడు. ఆ వెంటనే నా మీద పడ్డాడు.

"ఎక్కడి వస్తువు అక్కడ పెట్టడం ఎప్పుడు నేర్చుకుంటావురా!"

బాబాయిని వరండాలోకి లాక్కెళ్ళి అడిగాను. "పిన్నికి చూపు తగ్గిందా?"

"మెల్లిగా మాట్లాడు. ఓసారి పంచదార డబ్బా జరిగింది, కాఫీలో ఉప్పు పడింది. బ్రహ్మాండంగా ఉందని తాగేశాను. నాకు తెలుసని ఆవిడకి తెలీదు. తెలిస్తే చిన్నబుచ్చుకుంటుంది."

"అంటే ఆ నూనె మరక?"

"తెల్లగోడలో గుమ్మం ఎక్కడుందో ఆనవాలు ఉండొద్దూ?"

"మరి చొక్కా బొత్తం?"

"అది నా ఇష్టం. నీకెందుకు?"

ఆయన నాకు ఒక్కసారిగా ముద్దొచ్చాడు. మొహాన అంటే మళ్ళీ తిడతాడని లోపలికి పోయి పెట్టె తీసుకున్నాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

"నా కళ్ళ సంగతి కనిపెట్టేశావు కదూ? మీ బాబాయితో అనకు నాయనా. డబ్బా జరిగితేనే బెంగపెట్టుకునే మనిషి. ఆయన కోసమే కదా ఈ మోత కూడా భరిస్తున్నాను. డాక్టర్ల మాట సగం వినపడి చావదు."

ఆవిడ మీద జాలిపడి, వెళ్ళేముందు ఎవరూ చూడకుండా ఫ్యాన్‌కి కాస్త నూనె వేశాను.

మర్నాడు పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది.

"ఒరేయ్, గురక తగ్గిందేంట్రా? మీ బాబాయి ఇంకా నిద్ర లేవలేదు. ఆయన లేచేలోపు వచ్చి మళ్ళీ గురక పెట్టించి పో!"