ఎడమ కాలి చెప్పు

భూకంపానికి పుంగనూరు అంగడివీధిలో సగం గోడలు కూలాయి. మిగతా సగం ఎప్పుడు కూలుతాయో తెలియదు. వీధి మొదట్లో తాడు కట్టి, పాలు, మందులు, గ్యాస్ వాళ్లను మాత్రం పాస్ చూసి, రిజిస్టర్‌లో పేరు రాసి గంటసేపు లోపలికి వదిలేవారు; బయటికి వచ్చాక సంతకం పెట్టాలి. మందుల షాపు కాబట్టి నాకూ ఒక పాస్ దొరికింది. తాడు దగ్గర కాపలా తలారి గోవిందప్పది. ఆరేళ్లుగా ఉద్యోగంలో ఉన్నా, ఇప్పుడు ఆయనకు రిజిస్టరంటే గురి పోయింది.

దానికి కారణం ఉంది. తాడు కట్టిన రోజు, పాల కేంద్రంలో ఊడ్చే మారెమ్మ పాస్ లేకుండా వచ్చి బతిమాలితే, పేరు రాయకుండానే వదిలాడు. పట్టీ తెగిన నీలం రంగు ఎడమ చెప్పు తాడు దగ్గరే విడిచి, వచ్చి కుట్టించుకుంటానంది. భూమి మళ్లీ కదిలింది. రిజిస్టర్‌లో పేరు లేదు గనుక ఎవరూ వెతకలేదు. మర్నాడు గోవిందప్ప ఆ చెప్పు చూసేదాకా ఆమె లోపలే ఉందని ఎవరికీ తెలియదు. ఆ చెప్పును ఆమెతోపాటే పూడ్చారు.

అప్పటినుంచి ఎవరు లోపలికి పోయినా ఎడమ చెప్పు తాడు దగ్గర విడవాల్సిందే.

"ఇదేమన్నా గుడా, గోవిందప్పా?" అని ఎగతాళి చేశాను. ఆయన నా ఎడమ కాలి వైపు వేలు చూపించాడు.

శుక్రవారం నాలుగింటికి రిజిస్టర్ ప్రకారం అందరూ బయటికి వచ్చేశారు. గోడలు పడగొట్టడానికి జేసీబీ సిద్ధంగా ఉంది. అందరం చెప్పులు తొడుక్కున్నాం. ఒకటి మిగిలింది. నీలం రంగుది, పట్టీ తెగింది.

"బండి ఆపప్పా. లోపల మనిషి ఉండాడు," అన్నాడు గోవిందప్ప.

"అందరూ సంతకాలు పెట్టినారు గదప్పా," అన్నాడు జేసీబీ డ్రైవర్ మహేష్.

"ఆ పొద్దు కూడా రిజిస్టర్ సరిగానే ఉండింది."

ఆయనా నేనూ లోపలికి పోయాం. గాలి లేదు, కుక్క అరుపు కూడా లేదు. గ్యాస్ గోడౌన్ వెనక, పడిన రేకు కింద నరేష్ దొరికాడు. సిలిండర్లు మోసేవాడు. స్పృహ లేదు, ఊపిరి ఉంది. బూట్లు విప్పడం ఆలస్యమని ఆ ఒక్కడినే గోవిందప్ప అలాగే పోనిచ్చాడు. వాడు ముందే వెళ్లిపోయాడనుకుని తోటివాడు వాడి సంతకం కూడా తనే గీకేశాడు.

నరేష్‌ను మదనపల్లె ఆస్పత్రికి పంపి వచ్చేసరికి ఆ నీలం చెప్పు తాడు దగ్గరే ఉంది. ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు. నాకూ భయమేసి అడగలేదు.

గోవిందప్ప దాని దుమ్ము తువ్వాలుతో తుడిచాడు. రిజిస్టర్ తెరిచి, మొదటి రోజు పేజీలో మారెమ్మ పేరు రాశాడు. బయటికి వచ్చిన సమయం అన్న గడి దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత, శుక్రవారం నాలుగు గంటలు అని రాశాడు.