కెమెరాకు నాలుగు తీగలు

2023 వానాకాలం. ప్రసూతి సెలవు ముగించుకుని, కరీంనగర్‌లో నేను పనిచేసే ప్రైవేటు ఆస్పత్రికి తిరిగి వెళ్లాను. అక్కడి కంప్యూటర్లు, సర్వర్లు చూసుకోవడం నా పని. ఇంట్లో ఐదు నెలల పాప. మధ్యాహ్నం భోజనం వేళ ఇంటికి పరుగెత్తి, పాలిచ్చి వచ్చేదాన్ని.

నేను తిరిగి చేరిన వారంలోనే ఫైళ్లు నత్తనడక పట్టాయి. కింద సీటీ స్కాన్ గదిలో ఒక సర్వర్, రెండో అంతస్తులో డాక్టర్ చూసే సర్వర్. ఒక తల స్కాన్ అంటే వందల చిత్రాలు. క్షణాల్లో పైకి చేరాల్సినవి నలభై నిమిషాలు తీసుకుంటున్నాయి.

పింగ్ చేసి చూశాను. ఒక సర్వర్ ఇంకోదాన్ని "ఉన్నావా?" అని పలకరించడం అది. జవాబు వెంటనే వచ్చేది. పెద్ద ఫైలు పంపితేనే మొరాయించేది. తీగలన్నీ కలిసే స్విచ్‌లో మాత్రం సీటీ సర్వర్ వైరు తగిలించిన పోర్ట్ వేగం వెయ్యి ఎంబీపీఎస్‌కు బదులు వంద చూపిస్తోంది. దారిలో చెడిపోయిన డేటా లెక్క పెరుగుతూనే ఉంది. అంటే జబ్బు వైరులో ఉంది. ఆ వైరు పోయే సీలింగ్ విప్పి చూస్తానని మేనేజర్‌ను అడిగాను.

"అది మొన్ననే ఏసిన కొత్త వైరు, ముట్టకు. నువ్వొచ్చినంకనే గిట్లయింది. కెమెరాల చూసిన, రోజు ముప్పావుగంట బయటికి పోతున్నవ్. పోరితోని పరేషాన్ ఉంటే చెప్పమ్మా, ఇంకొకల్లను వెట్టుకుంటం."

చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను ఆ మాట నమ్మాను. నిద్ర చాలక ఎక్కడో తప్పు చేశాననుకుని మూడు వారాలు నా సెట్టింగులే తిరగేశాను. మధ్యలో రెండుసార్లు సీలింగ్ గురించి అడిగాను. రెండుసార్లూ వద్దన్నాడు.

ఒకరోజు జమ్మికుంట వైపు నుంచి ఒకాయన నాలుగేళ్ల కూతురిని ఎత్తుకొచ్చాడు. ట్రాక్టర్ మీది నుంచి పడిందట. స్కానైన పది నిమిషాలకే మందుల చీటీతో వెళ్లిపోతున్నారు.

"ఫొటోలు గింత జల్ది పైకెట్ల పోయినయ్?" అని టెక్నీషియన్ శ్రీలతను అడిగాను.

"పోలే అక్కా. స్క్రీన్‌ను నా ఫోన్ల ఫొటో తీసి డాక్టర్ సార్‌కు పంపిన. మేనేజరే చెప్పిండు. మూడు వారాల కెళ్లి అందరికి గట్లనే చేస్తున్నం."

నాకు ఒళ్లు మండిపోయింది. మూడు వారాలుగా మనుషుల తలలను ఫోన్ ఫొటోల్లో చూసి ఇళ్లకు పంపుతున్నారు!

అరగంటకు అసలు చిత్రాలు చేరాయి. డాక్టర్ మెట్ల మీది నుంచే అరిచాడు. "ఆ పాపను ఆపండి! తలలో సన్నగా బ్లీడింగ్ ఉంది!"

రోడ్డు మీదికి పరుగెత్తాను. తండ్రి బస్సు కోసం నిలబడి ఉన్నాడు. పిల్ల అతని భుజం మీద వాలిపోయి ఉంది.

"సారు ఏం లేదన్నడు గదా మేడం? ఇప్పుడే పండుకున్నది, లేపకుండ్రి."

"అది నిద్ర కాదన్నా. జల్ది నడువు!"

పిల్లను ఐసీయూలోకి తీసుకున్నాక నిచ్చెన తెచ్చుకున్నాను. ఎవరినీ అడగలేదు. సీలింగ్ పలక తీసి చూస్తే ఆ కొత్త వైరు కడుపు కోసి ఉంది. నెట్‌వర్క్ వైరులో ఎనిమిది సన్నని తీగలుంటాయి. పూర్తి వేగానికి ఎనిమిదీ కావాలి. కాంట్రాక్టర్ ఇంకో వైరు లాగే ఓపిక లేక నాలుగు సర్వర్‌కిచ్చి, నాలుగు కెమెరాకిచ్చాడు. ఏ కెమెరా? సిబ్బంది తలుపు మీది కెమెరా. నేను పాలివ్వడానికి వెళ్లే సమయం లెక్కపెట్టిన కెమెరా.

కెమెరాకు పోయే కొసను కోసి పారేశాను. ఎనిమిది తీగలూ సర్వర్‌కే బిగించి అదే స్కాన్ మళ్లీ పంపాను. ఆరు సెకన్లు.

మేనేజర్ వచ్చాడు. "కెమెరా బంద్ వడ్డది. ఎవలు కోసిండ్రు?"

"నేనే. నేను ఇంటికి పోయేది చూడనీకె పేషెంట్ల వైరు సగం గుంజుకున్నరు సార్."

"అడగకుండ ఎట్ల కోస్తవ్?"

"మూడు వారాల కెళ్లి అడుగుతనే ఉన్న."

పాప ఎనిమిదో రోజు తండ్రి వేలు పట్టుకుని నడిచి వెళ్లింది. నాకు మెమో వచ్చింది. దానికి జవాబుగా, ఫోన్‌లో చూసి పంపిన ప్రతి స్కానూ మళ్లీ చూడాలని రాసిచ్చాను. కింద డాక్టర్ కూడా సంతకం పెట్టాడు.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా, "కొత్త వైరే" అని ఎవరైనా అంటే ముందు నిచ్చెన అడుగుతాను. కానీ కోపం పూర్తిగా పోలేదు, అందులో సగం నా మీదే. స్విచ్ మొదటి వారంలోనే నిజం చెప్పింది. పసిపిల్ల తల్లిని కదా, తప్పు నాదే అయి ఉంటుందని నేనూ అనుకున్నాను.